చంద్రుడి మీద తోడెందుకు?

ప్రొద్దుటూరులో ఆడుతున్న సినిమాను ఆపించి, తెర ముందు నిలబడి హాలు మొత్తానికి అసలు కథ చెప్పిన మొనగాడు మా టైలర్ అజ్మతుల్లా ఒక్కడే. ఆయనకు సైన్స్ ఫిక్షన్ అంటే పిచ్చి. ఆయన మిషన్ తొక్కుతుంటే భార్య అల్ఫియా పక్కన కూర్చుని నవలలు చదివి వినిపించేది. ఆమె కువైట్‌కు పనికి వెళ్లాక ఆ ఇంట్లో పుస్తకం తెరిచినవాళ్లు లేరు.

అప్పట్లో వాళ్లు చదివిన నవలే మొన్న సినిమాగా వచ్చింది. పుస్తకంలో చంద్రుడి మీద చిక్కుకున్న మనిషి చివరిదాకా ఒంటరివాడే. సినిమావాళ్లు అతనికి జోకులేసే రోబోను తోడిచ్చారు. అజ్మతుల్లాకు మండిపోయింది. పట్టుకోవడానికొచ్చిన పోలీసులు కూడా కూర్చుని ఆయన కథ విన్నారని నేను టీకొట్టు దగ్గర చెబుతుంటే, పక్కనే టీ తాగుతున్న అజ్మతుల్లా గ్లాసు కింద పెట్టాడు.

"ఊరికే కోతలు కొయ్యొద్దప్పా. నేను ఎవురికీ చెప్పలే. ఆ రోబో ఉండకూడదని అల్ఫియాకు చెబ్దామని ఫోన్ చేసినా. పనిలో ఉందేమో, ఎత్తలే. ఇంటికి పోయి పండుకున్నా."