పాప నుదుటికి ఊట నీళ్లు

నెలలు నిండకుండా పుట్టిన మా పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక నాకు చాదస్తం పట్టుకుంది. చేతులు కడుక్కోకపోతే మా ఆయన్ని కూడా దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్లో, పాపని చూడ్డానికి వస్తామన్న స్నేహితులందరినీ ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను. పక్కింటి ఆంటీ దగ్గర మాత్రం నా మొహమాటం నన్ను ముంచింది.

ఆవిడది ఒకినావా దీవి. అక్కడి మిలిటరీ స్థావరంలో ఉన్న అమెరికన్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని చిన్న వయసులోనే ఇక్కడికి వచ్చేశారు. వాళ్ల ఊళ్లో నేలలోంచి ఉబికే ఊటంటే దేవతేనట. దాని ముందు చేతులు జోడించి, ఫలానా ఇంట్లో బిడ్డ పుట్టిందని చెప్పి నీళ్లు తెచ్చుకుంటారట. ఇంటి పెద్దావిడ అందులో వేలు ముంచి పసిబిడ్డ నుదుటికి మూడుసార్లు అద్దుతుందట. మీ పాపకి అలా చేయనా అని అడిగారు. వద్దనలేక తలూపాను గాని, ఆ నీళ్లలో ఏ క్రిములుంటాయోనని భయపడ్డాను.

మర్నాడు ఆవిడ కొండల దాకా డ్రైవ్ చేసుకుని వెళ్లి, ఒక ఊట దగ్గర సీసా నింపుకొచ్చారు. సాయంత్రం వస్తానని చెప్పి, దాన్ని మా అమ్మ చేతికిచ్చి వెళ్లారు. పురిటికి సాయం వచ్చిన అమ్మకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. నీళ్లలో ఆకు తునక కనబడేసరికి, పలచటి గుడ్డలో వడగట్టి స్టవ్ మీద తెర్లబెట్టేసింది. అది చూసి నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది.

సాయంత్రం వచ్చిన ఆంటీకి సంగతి చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఏ బిడ్డ కోసమో ఊటకి చెప్పే తెచ్చాను, మరిగించినా ఫరవాలేదన్నారు. పుట్టినప్పుడు ఆవిడ నుదుటికి నీళ్లిచ్చిన ఊట ఇప్పుడు అమెరికన్ మిలిటరీ కంచె లోపల ఉందట.

"మా అబ్బాయికి ట్యాప్ వాటరే పెట్టాను. ఇక్కడ ఊట ఎక్కడుందో అప్పుడు నాకెవరు చెప్తారు?" అన్నారు.

ఆవిడ మొహం చూసి ఏమర్థమైందో, అమ్మ ఫ్రిజ్ తెరిచి సీసా బయటపెట్టింది. సగమే మరిగించిందట.

"తీర్థంలాంటిదేమో అనిపించిందే. మొత్తం పొయ్యి మీద పెట్టడానికి చెయ్యి రాలేదు," అంది నాతో.

ఆంటీ సీసా వంక కాసేపు చూశారు. తర్వాత మరిగించిన నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. నా భయం కోసం ఆవిడ అలా సర్దుకుపోతుంటే నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఇన్ని రోజులూ పాపకి కాపలా కాశానే గాని, ఒక్కరి దీవెన కూడా దాని మీద పడనివ్వలేదు.

పాపని తీసుకొచ్చి ఆవిడ ఒళ్లో పడుకోబెట్టాను.

"అవి కాదు ఆంటీ, సీసాలోవి పెట్టండి," అన్నాను.