తెర కట్టని శనివారం

ఇవాళ ఫోన్లో ఆమె కనిపించింది, మన చిన్నప్పటి హీరోయిన్. జుట్టు నెరిసింది, చేతిలో మైకుంది, గొంతులో ఆ కోపం మాత్రం అలాగే ఉంది. నాకు వెంటనే బచేలి ఇనుప గనుల ఎర్రదుమ్ము పట్టిన మా చాప వాసన తగిలింది.

గని క్వార్టర్లలో పెరిగిన మన బ్యాచ్ వాళ్ళకి గుర్తుందా? శనివారం గ్రౌండులో సినిమా అంటే మధ్యాహ్నానికే చాపలు పరిచి చోటు పట్టుకునేవాళ్ళం. ఒకరు పరిచిన చాపను ఇంకొకరు ముట్టుకునేవారు కాదు.

ఒక శనివారం ఈమె నటించిన సినిమా వేయాలి. అంతలో ఈమె ఏదో సభలో, కొండలు వాటి మీద బతికేవాళ్ళవే అంది. ఆ ఒక్క మాటకే, కొండలు తవ్వే మా కంపెనీ వాళ్ళు సినిమా ఆపేశారు. ప్రొజెక్టరు నడిపే మా నాన్నే ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు.

అమ్మ చాప చంకలో పెట్టుకుంది.

"సినిమా లేదంటుంటే ఎక్కడికే?"

"చోటు పట్టుకోడానికి."

"నా డ్యూటీ పోతుందే!"

అమ్మ ఆగలేదు. సాయంత్రానికి గ్రౌండంతా చాపలు, వాటి మీద ఆడవాళ్ళు. ఎదురుగా తెర లేదు. జీపు దిగిన కంపెనీ సాబ్ నాన్నను పిలిచి, చాపలన్నీ చూపిస్తూ తీసెయ్యమని అరిచాడు.

"సబ్ చటాయీ హటావో!"

నాన్న మొదటి చాప దగ్గరికొచ్చాడు. అది మాదే. అమ్మ తలెత్తలేదు. నేను ఆమె కొంగు పిడికిట్లో బిగించాను. నాన్న వంగాడు. వంగి, చెప్పులు విప్పి, మా పక్కన కూర్చున్నాడు.

తర్వాతి శనివారం ప్రొజెక్టరు దగ్గర ఇంకెవరో ఉన్నారు. నాన్న పక్కన కూర్చుని సినిమా చూడడం నాకదే మొదటిసారి.