రెండోసారి నొక్కితే ఆగిపోయిన ప్రోగ్రాము

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మామిడి సీజనులో, చెన్నై ఆఫీసు నన్ను తమిళనాడులోని ధర్మపురికి పంపింది. అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు వేడిని నమోదు చేసే, సి భాషలో రాసిన ప్రోగ్రామును పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి మార్చాలి. రెండూ యూనిక్స్ యంత్రాలే, కంపెనీలు మాత్రం వేరు. మార్చాను, ఒకసారి నడిపి చూశాను, దర్జాగా వెనక్కి వచ్చాను.

ఒక విడత గుజ్జు పూర్తికాగానే ఆపరేటరు కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాముకు పంపే కబురునే సిగ్నల్ అంటాం. ఊరికే వదిలేస్తే అది ప్రోగ్రామును ఆపేస్తుంది. మాది దాన్ని పట్టుకుని, ఆ విడత వేడి లెక్కల కాగితం అచ్చువేసి, తరువాతి విడత మొదలుపెట్టాలి. కాగితం లేని గుజ్జు గేటు దాటదు.

వారానికే పిలుపొచ్చింది, మళ్లీ వెళ్లాను. ప్రోగ్రాము మాటిమాటికీ ఆగిపోతోందట. ఆపరేటరు రుక్మిణి మీటలు మొరటుగా నొక్కుతోందని మేనేజరు తేల్చేశాడు. సోమవారం నుంచి ఆమెను మళ్లీ కాయలు కోసే షెడ్డుకు పంపుతానన్నాడు. ఆమె రాసుకున్న నోటుబుక్కు చూపించి, తమిళ అక్షరాలే కాని ఒక్క ముక్కా అర్థం కాలేదన్నాడు.

పైకి చదివాను. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు! వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. పేజీ నిండా అదే.

"మన మాటే మాట్లాడతారా అన్నా? నేను మెల్లగానే నొక్కినాను. మొదటి తూరి పలుకుతాది, రెండో తూరి సచ్చిపోతాది. మళ్లా ఎక్కిస్తే మళ్లా అదే కత," అంది పక్కనే నిలబడి వింటున్న రుక్మిణి.

అప్పుడు తట్టింది నాకు. సిగ్నల్‌ను పట్టుకోమని చెప్పే పాత ఫంక్షన్ అన్ని యంత్రాల్లో ఒకేలా ఉండదు. పాత కంప్యూటరు ఆ మాట గుర్తుంచుకునేది. కొత్తది ఒక్కసారి పాటించి మరిచిపోయేది. ఇది తెలిసి కూడా ఒక్కసారే నొక్కి చూసిన ఘనుణ్ణి నేను.

దాని బదులు సిగ్‌యాక్షన్ అనే ఫంక్షన్ వాడాను. అది ఏ యూనిక్స్ మీదైనా చెప్పినమాట నిలుపుకుంటుంది. సిగ్నల్ వచ్చినప్పుడు ఒక గుర్తు మాత్రం పెట్టించి, అచ్చు పనిని ప్రోగ్రాములో పదేపదే తిరిగే ప్రధాన లూపుకు అప్పగించాను. రుక్మిణి వరసగా ఐదు విడతలు నొక్కింది. ఐదు కాగితాలూ వచ్చాయి. ఆరోది సరదాకి నొక్కబోతే నేనే ఆపాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

మేనేజరు ఫారంలో, కారణం అన్నచోట, 'ఆపరేటరు పొరపాటు' అని ముందే రాసి ఉంది. దాన్ని కొట్టేసి నా పేరు రాశాను. సోమవారం రుక్మిణి తన కుర్చీలోనే కూర్చుంది. ఆ తరువాత ఏ ప్రోగ్రామునూ రెండుసార్లు నొక్కి చూడకుండా, వాడేవాళ్లను అడగకుండా నేను ఎవరికీ అప్పగించలేదు.