ఉప్పు ద్రవమూ, అవ్వ చెప్పిన ఉపాయమూ

మొన్న మా ఇంటి నీళ్ల ఫిల్టరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ పాత పొరను తీసి పారేయబోతుంటే, ఒక్క నిమిషం ఇలా ఇవ్వమని చేతిలోకి తీసుకున్నాను. ఇరవై ఏళ్ల కిందట అలాంటి పొర ఒకటి నన్నెన్ని తిప్పలు పెట్టిందో, తర్వాత ఎంత సంబరపెట్టిందో అతనికెలా చెప్పను!

అప్పుడు నేను కరీంనగర్‌లో కెమిస్ట్రీ లెక్చరర్‌ను. నలభై దాటాక, పిల్లలు కాస్త ఎదిగాక పరిశోధనలో చేరాను. మామూలు ఉప్పు కరిగి ద్రవం కావాలంటే కొలిమి వేడి కావాలి కదా. మామూలు వేడికే నూనెలా పారే ఉప్పులూ కొన్ని ఉన్నాయి, వాటిని అయానిక్ ద్రవాలంటారు. ఆ ద్రవాన్ని సన్నని రంధ్రాల పొరలో నింపి, అద్దకం నీళ్లలోని రంగును మాత్రం అవతలికి దాటించి, ఉప్పును ఇవతలే ఆపాలని నా ప్రయత్నం. నేత ఇంట్లో పుట్టి, మా వాడ మోరీలో ఎర్రగా, నీలంగా పారే నీళ్లు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకంత పట్టుదల.

పొర మాత్రం మాట వినలేదు. రెండు గాజు గదుల మధ్య బిగించగానే ద్రవం జారిపోయేది, రంగూ ఉప్పూ కలిసే దాటేవి. చివరికి సీసాలో చెంచాడు ద్రవం మిగిలింది; అదీ పోతే ఆ అంశమే వదులుకోవాలి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా గైడు, "జర ఓపిక పట్టమ్మా, ఫికర్ చెయ్యకు" అనేవారు గానీ, ఆయన ముఖంలోనూ దిగులు కనిపించేది.

ఆ ఆదివారం నూలుకు గంజి పెడుతున్న మా అవ్వ పక్కన కూర్చుని నా గోడంతా వెళ్లబోసుకున్నాను. అక్షరం ముక్క రాని అవ్వ అంతా విని, "పొర తడి మీదున్నదా బిడ్డా?" అంది. కడిగి పైపైన తుడిచానని చెప్పాను.

"గట్లయితే ఎట్ల పడ్తది? తడి నూలు గంజి గుంజదు. ముందుగాల మంచిగ ఆరనియ్యి, ఎన్క నాననియ్యి."

మర్నాడు పొరను ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి, మిగిలిన ద్రవంలో సాయంత్రం దాకా నానబెట్టి, మళ్లీ గాజు గదుల మధ్య బిగించాను. మూడోనాటికి అవతలి గదిలో నీళ్లు లేత గులాబీ రంగు తిరిగాయి. ఉప్పును పట్టిచ్చే మందు చుక్క వేస్తే తెల్లబారలేదు, అంటే ఉప్పు దాటలేదు. ల్యాబులోనే చప్పట్లు కొట్టేశాను. సంగతి విన్న గైడు, "మీ అవ్వను తోల్కరా అమ్మా, నాకన్న ఆమెనే మంచి గైడు!" అని కడుపుబ్బ నవ్వారు. థీసిస్ మొదటి పేజీలో అవ్వ పేరు రాసి చదివి వినిపిస్తే, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పటి పిల్లలు ఏ ద్రవం ఏ పొరలో నిలుస్తుందో కంప్యూటర్లో ముందే చూసుకుని పని మొదలుపెడుతున్నారు. మంచిదే, నాలా సీసాలు ఖాళీ చేసుకోనక్కర్లేదు. కానీ ఏదైనా పని మొరాయించినప్పుడు, అదేమిటో తనకు అర్థం కాకపోయినా చివరిదాకా విని ఒక్క ప్రశ్న అడిగే మనిషి మాత్రం, అవ్వ పోయాక, నాకు మళ్లీ దొరకలేదు.