గార్డియన్నేనండీ అన్న మా వార్డెన్ మేడం

మా వార్డెన్ మేడం పోయారని ఏలూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో, పాఠం చెప్పే కాలేజీ ల్యాబులో ఉన్నాను. పొద్దున హాస్టల్లో పిల్లలకు టిఫిన్ పెట్టించి, వరండాలో కుర్చీలో కూర్చుని, ఇక లేవలేదట. ఫోను చేసిన వంటామె అంతకు మించి చెప్పలేక ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడకు నేనొక నిజం చెప్పాల్సి ఉంది. ఈ సెలవుల్లో చెబుదాం, వచ్చే సెలవుల్లో చెబుదాం అనుకుంటూ అయిదేళ్లు గడిపేశాను. ఇక చెప్పడానికి మనిషి లేరన్న సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు.

ఏలూరులో ఆడపిల్లల హాస్టల్‌కు ఆవిడ వార్డెన్. అక్కడ ఉండి నేను ఇంటర్ చదివాను. మాది కొల్లేటికోట. నాన్న చేపల చెరువుల మీద కూలికి వెళ్లేవాడు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. నా పక్క మంచం సువార్తది. వాళ్లది మండవల్లి దగ్గర పల్లె. సంతకం పెట్టడం కూడా వాళ్లింట్లో తనతోనే మొదలు. లెక్కల్లో నాకంటే చురుకు.

మేడం టీచర్ ట్రైనింగ్ వరకే చదివారు. యూనివర్సిటీ లోపల ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. అయినా మమ్మల్ని అక్కడికి పంపాలని ఆవిడ పట్టు. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీరైనా మార్చుకోకుండా స్టోర్ రూము కిటికీ వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మాకు అలవాటు కావాలని ఆ కాసేపు ఆవిడ యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా వేషం వేసేవారు. మేం ఒక్కొక్కరం కిటికీ బయట నిలబడి సర్టిఫికెట్లు అందించాలి.

"ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఏది? రేపు రా" అనేవారు మొహం చూడకుండా.

నేను తల వంచుకుని పక్కకు తప్పుకునేదాన్ని. వెంటనే కిటికీలోంచి కేక.

"ఎక్కడికమ్మా వెళ్లిపోతున్నావ్? నువ్వు కదిలితే సీటు పోద్ది. ఏవండీ, ఏ కాయితం కావాలో రాసివ్వండి అని అడుగు. రాసిచ్చేదాకా అక్కడే నిలబడు."

సువార్త మాత్రం కదిలేది కాదు. ఆవిడ ఎన్ని సార్లు రేపు రమ్మన్నా "ఇవాళే కావాలండీ" అంటూ నిలబడేది. చివరికి మేడమే నవ్వేసి "నీకు సంతకం పెట్టేస్తానులే తల్లీ, నన్నొదులు" అనేవారు.

కౌన్సెలింగ్‌లో మా ఇద్దరికీ ఒకే యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీట్లు వచ్చాయి. రైల్లో ఆరేడు గంటల ప్రయాణం. నాన్న పంపనన్నాడు. రెండో రోజుకల్లా మేడం పడవెక్కి కొల్లేటికోట వచ్చేశారు.

"ఆడపిల్లనండీ, అంత దూరం. దానికేదైనా అయితే వెళ్లడానికి నాకు దారి కూడా తెలీదండీ" అన్నాడు నాన్న.

"నాకూ తెలీదండీ. కనుక్కుంటూ వెళ్దాం. మీరూ రండి" అన్నారావిడ.

నాన్న రాలేదు కానీ కాదనలేదు. మమ్మల్ని ఆవిడే దించి వచ్చారు.

అక్కడ రెండు వారాలకే మాకు ఊపిరాడలేదు. పాఠమంతా ఇంగ్లీషులో, పరుగులాగా సాగేది. పక్కవాళ్లంతా ముందే చదివేసి వచ్చినట్టుండేవారు. ఒకరోజు సువార్తను లేపి ఏదో అడిగారు. తను లెక్క బోర్డు మీద సరిగ్గానే వేసింది. ఎలా చేశావో చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి తను క్లాసుకు సరిగా రావడం మానేసింది. వచ్చిన రోజు వెనక బెంచీలో ఒక్కతే కూర్చునేది. "రేపు కలిసి వెళ్దాంలే" అనేదాన్ని. మర్నాడు నా రికార్డు నాకు, నా భయం నాకు. నేనొక్కదాన్నే వెళ్లిపోయేదాన్ని. ఇంగ్లీషు బాగా వచ్చిన ఒకమ్మాయి తన పక్కన చోటిస్తే అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, సువార్త పక్కన కనబడడానికే నాకు భయం వేసింది. ఒక పొద్దున్న చూస్తే తన మంచం ఖాళీ.

నాలుగో రోజున మేడం తనను వెంటబెట్టుకుని వచ్చారు. జనరల్ బోగీలో నిలబడి వచ్చారేమో, కాళ్లు వాచిపోయి ఉన్నాయి. డిపార్టుమెంటు గుమ్మం దగ్గర అటెండరు ఆపాడు. "గార్డియన్ రావాలి. మీరేమవుతారు?"

"గార్డియన్నేనండీ" అన్నారావిడ. అని, పిలిచేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

"ఏమ్మా, క్లాసులో నువ్వు దాని పక్కనే కూర్చుంటున్నావా?"

"కూర్చుంటున్నానండీ" అన్నాను.

"అంతే చాలమ్మా" అని నా తల నిమిరి రైలుకు వెళ్లిపోయారు. ఆ చెయ్యి బరువు నా తల మీద ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతైనా నేను మారి ఉండాల్సింది. వారం పాటు పక్కన కూర్చున్నాను. పరీక్షలు రాగానే మళ్లీ నా చోటికి నేను పోయాను. హాజరు చాలదని సువార్తను పరీక్షలు రాయనివ్వలేదు. ఈసారి పెట్టె సర్దుకునే వెళ్లిపోయింది. మేడం సువార్త వాళ్ల ఊరు మూడు సార్లు వెళ్లారట. "ఇంక వదిలెయ్యండమ్మా, పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడుతోంది" అని వాళ్ల నాన్న చేతులు జోడించాడట. నాకు ఆవిడ ఉత్తరం రాశారు. అందులో రెండు ముక్కలు నాకు కంఠతా వచ్చేశాయి. "మీకు లోపలికి వెళ్లడం నేర్పాను. లోపల బతకడం నేర్పలేదు. అది నాకూ తెలియదమ్మా."

అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం నన్ను హాస్టల్‌కు పిలిచి, సీటు వచ్చిన పిల్లల ముందు కూర్చోబెట్టేవారు. "మొదటి నెల ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పు. భయపడితే ఇక్కడే భయపడతారు." నేను అన్నీ చెప్పేదాన్ని. సువార్త పక్కన కూర్చోలేదన్న సంగతి ఒక్కటి తప్ప. ఆవిడ వెనక బెంచీ మీద కూర్చుని, కొత్త పిల్లలతో పాటు తనూ నోట్సు రాసుకునేవారు.

సాయంత్రం ఏలూరులో శ్మశానానికి చేరేసరికి గొయ్యి పూడ్చేశారు. హాస్టల్ పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక సువార్త. తను పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీ నీలం కోటుతోనే వచ్చేసింది. అయిదేళ్ల తర్వాత చూడడం. ఇంకెవరికి చెప్పుకోను? ఆ అబద్ధం సంగతి తనకే చెప్పాను. "నీ పక్కనే కూర్చుంటున్నానని ఆవిడతో అన్నానే" అన్నాను.

"ఆవిడకి తెలుసు. మొదటిసారి పారిపోయి వచ్చి రైలు దిగిన రోజే చెప్పేశాను, అది నా పక్కన కూర్చోవట్లేదండీ అని."

మరి తెలిసే అడిగారా?

"ఏమన్నారు?"

"'అదీ మునిగిపోతోందమ్మా, దాన్ని ఏమనకు' అన్నారు."

రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. సువార్త పరుగెత్తుకెళ్లి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, అద్దం మీద అరచెయ్యి ఆనించింది. పొద్దంతా ఐసులో నానిన చెయ్యి. వేళ్ల కొసలు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. బస్సు కొల్లేరు రోడ్డు వైపు మళ్లేదాకా ఆ చెయ్యి అద్దం మీద అలాగే ఉంది.