చిన్నమ్మను తీసుకురావడానికి ఇబ్రహీంపట్నం

మా చిన్నమ్మ కరుణమ్మను పట్నానికి తీసుకురమ్మని మా గుడి పాస్టరు అయ్యగారు నన్ను పంపించారు. చిన్నమ్మ తొమ్మిదేళ్ళుగా ఇబ్రహీంపట్నంలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెబుతోంది. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. "వయసు మీద పడింది, జ్వరాలు వదలడం లేదు. ఇక ఆ ఊరి పని ఆపేద్దాం" అన్నారు అయ్యగారు. నాకూ అదే న్యాయమనిపించింది. నేను బడి పంతులమ్మను. ఏడాది చెప్పినా ఎక్కం రాని పిల్లను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

శనివారం పొద్దున ఏడింటికి గౌలిగూడలో బస్సెక్కాను. టికెట్టు ఆరణాలు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు. వెనక తగిలించిన బొగ్గు పొయ్యి రాజేసి బండి కదిలేసరికి ఎనిమిదైంది. వెళ్ళదలచినవారు పాత బట్టలు కట్టుకోండి, ఆ మసి ఉతికినా పోదు. సరూర్‌నగర్ దాటాక ఎత్తు వచ్చిన చోటల్లా మగవాళ్ళు దిగి తోశారు. పట్నంలో సీతాఫలాలు అమ్ముకుని గంపతో తిరిగొస్తున్న ముసలామె నా పక్కన కూర్చుంది.

"గిది బస్సా బిడ్డా? నడిసినా గీపాటికి ఇల్లు జేరుదును" అని విసుక్కుని, మిగిలిన ఒక్క పండూ నా చేతిలో పెట్టింది. పదకొండింటికి ఇబ్రహీంపట్నంలో దిగాను.

చిన్నమ్మ ఇల్లు ఒకటే గది. మనిషి సగమైంది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిన్నాక అయ్యగారి మాట చెప్పాను. లేచి కంచాలు కడిగి బోర్లించింది.

"రేపు ఆరాధన చేసుకుని పోదాం" అంది చివరికి.

ఆదివారం తొమ్మిదింటికి పెద్ద చాప పరిచింది. కూర్చున్నది నేనొక్కదాన్నే. అయినా నిండు సభకు చెప్పినట్టు వాక్యం చెప్పింది, పాట పాడింది. నాకు జాలికి బదులు కోపం వచ్చింది.

"ఎవరికి చెప్తున్నవ్ చిన్నమ్మా, గోడలకా?"

"దేవుడు పొమ్మన్నడు, వచ్చిన. వినుడు వినకపోవుడు నా చేతుల లేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు మాత్రం ఏడుపు రాదా బిడ్డా? ఒక్కరినన్న చూపియ్యి తండ్రీ అని రోజూ అడుగుత."

అంత మాట అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తిరుగు బస్సు రెండింటికి. మూట సర్ది, యాదమ్మకు చెప్పి వెళదామంది చిన్నమ్మ. యాదమ్మ కూలి మనిషి. మొదట్లో వాక్యం వినేది, మగడు వద్దన్నాడని మూడేళ్ళ కిందట మానేసింది. మేం వెళ్ళేసరికి ఇసుర్రాయి ముందు కూర్చుని ఉంది. జొన్నలు రాయిలో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసింది.

నేను నివ్వెరపోయాను. ఎసరు పెట్టే ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం గుడిలో ఇవ్వడం మా ఇళ్ళలో అలవాటు.

"గదేంది యాదమ్మా?" అంది చిన్నమ్మ.

"దేవుని పిడికెడమ్మా. నువ్వు చెప్పిందే గద. మేం బియ్యం ఎన్నడు వండుతం? గందుకే జొన్నలు తీస్తున్న."

"ఎప్పటిసంది?"

"నువ్వు చెప్పిన కాడిసంది." గోడవారన ఇంకో రెండు కుండలు చూపించింది.

"మరి నాకెందుకు ఇయ్యలే?"

"గుడిల ఇయ్యాలంటివి. ఊర్ల గా దేవుని గుడి లేదాయె. కట్టినంక ఇద్దామని దాస్తున్న. పురుగు పడితే ఎండబోసి, చెరిగి మల్ల పోస్తున్న. పోయినేడు పిల్లలు పస్తున్నా ముట్టలే."

చిన్నమ్మ నేల మీద కూలబడి ఆమె చేతులు పట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా, పిల్లలు ఆకలిగొంటే అవి పిల్లలయే. దేవుడు గట్ల ఎవరి కడుపన్న ఎండబెడతడా?"

"నాకేమెర్క?" అంది యాదమ్మ.

"మీ ఆయన ఏమనలేదా?" అని అడిగాను.

"ఆయనే ఎండబోస్తడక్కా. వాక్యం వద్దన్నడు గని, దేవుని గింజలు ఆగం గావొద్దంటడు."

చిన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఒక కుండ తానే వంచి, గింజలు రాయిలో పోసి, యాదమ్మకు ఎదురుగా కూర్చుని విసరసాగింది. కొంతసేపటికి తల తిప్పకుండానే నాతో, "నువ్వు పో బిడ్డా. నేను రాను" అంది. నేను బతిమాలలేదు. ఆమె మూట నేనే తీసుకెళ్ళి ఇంట్లో విప్పి, బట్టలు దండెం మీద వేసి వచ్చాను.

రెండింటి బస్సు మూడింటికి కదిలింది. అయ్యగారికి ఏం చెప్పాలో దారంతా మనసులో కూర్చుకున్నాను. ఎవరూ వినలేదనుకున్నాం. వినడమంటే చాప మీద కూర్చోవడమేనని అనుకున్నాం, అదే మా పొరపాటు. తుర్కయాంజాల్ దగ్గర బండి ఆగితే, వెనక సీటు పెద్దమనిషి పలకరించాడు.

"ఎన్నడు చూడని మనిషి ఎక్కె, ఎవరా అని చూస్తున్న. ఇబ్రహీంపట్నంల మీకెవరున్నరమ్మా?"

"మా చిన్నమ్మ ఉంది" అన్నాను. యాదమ్మను, గింజలు ఎండబోసే ఆమె మగణ్ణి తలుచుకుని, "మా అక్క, బావ కూడా ఉన్నరు" అన్నాను.