ఖర్కాయికి ఉప్పునీళ్లు

నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను గానీ, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆదిత్యపూర్‌లో మా ఇళ్ల వెనక పారేది ఖర్కాయి నది, సముద్రం కాదు అన్నంత భూగోళం నాకూ తెలుసు. సిక్కోలు తీరం నుంచి వచ్చిన మా అత్త మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు.

డెబ్భైల చివరి మాట. మగాళ్లు కార్ఖానాల్లో చేసేవారు. ఆడవాళ్లం చేపలకు ఉప్పు పట్టించి, ఏటి ఒడ్డున కళ్లం మీద ఎండబెట్టి, బర్మామైన్స్ పేట సందుల్లో అమ్మేవాళ్లం. ప్రతి వానాకాలం ఏరు ఆ కళ్లాన్ని కొంచెం కొరికి పోయేది. కళ్లం పోతే మా వ్యాపారం పోయినట్టే.

మగాళ్లు కమిటీ వేశారు. కుర్చీ మా ఇంట్లోదే కాబట్టి మా మామ అధ్యక్షుడయ్యాడు. ఒడ్డునే కుర్చీ వేసుకుని, రాతిగోడ కావాలని ప్రతి ఆదివారం తీర్మానించేవాడు. టీలు మేం పెట్టేవాళ్లం.

ఇంతలో అత్త పుట్టింటికెళ్లి, తడి గోనెసంచిలో మడ మొక్కలు తెచ్చింది.

“మా ఊరి ఉప్పుటేరుకి ఎంత పొగరున్నా మడలు దాటి మట్టిబెడ్డ తీసికెళ్లనేదు. ఒడ్డునున్న రెల్లంతా పీకీండి, ఇయి నాటుదుం” అంది.

“మడకి ఉప్పునీళ్లు కావాల కదత్తా?”

“సేపలూరిన నీళ్లు పారబోత్తన్నాం కదేటి? అయ్యే పొయ్యి.”

“మరి ఆటుపోట్లో?”

“పొద్దుటోపాలి, సందేలోపాలి పొయ్యి. పోట్లయిపోతాయి. నీ నోటికి మూతెయ్యి.”

అలా మేం రెల్లు పీకి, మడలు నాటి, బిందెలతో సముద్రాన్ని నడిపించాం. సందులో ఆడవాళ్లందరూ పోశారు, మా చిన్నత్త తప్ప. చిన్నత్త అంటే అత్త తోడికోడలు, పక్కిల్లే. చేపలెండబెట్టే చోట ఎండ ఎవరిదన్న తగువుతో ఇద్దరికీ మాటల్లేవు.

“అప్ప సెప్పింది గాబట్టే పీకను. రెల్లు నా నెత్తి దాకా ఎదిగినా పీకను” అని చిన్నత్త గోడకి చెప్పింది. వినాల్సినవాళ్లు గోడవతల ఉన్నారు.

వానలొచ్చాయి. ఉప్పుకి మాడిపోయి గరికపోచ కూడా లేని మా ఒడ్డు మంచమంత మేర విరిగి ఏట్లో పడింది. మడ మొక్కలు దాంతోపాటే వెళ్లాయి. అధ్యక్షుడి కుర్చీ కూడా కొట్టుకుపోవడంతో కమిటీ రద్దయింది. చిన్నత్త ఇంటి వెనక మాత్రం రెల్లు దుబ్బులు మట్టిని పట్టుకుని నిలబడ్డాయి. ఒక్క బెడ్డ కదల్లేదు.

అత్త నాలుగు పూటలు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత మిగిలిన కళ్లం వైపు చూసి లేచింది. నన్ను తోడు రమ్మంది.

“ఒలే, దుబ్బులు కావాల” అంది గుమ్మంలో నిలబడి.

“ఏ దుబ్బులప్పా? నువ్వు పీకీమన్నయ్యేనా?”

“అయ్యే.”

“మరి ఎండ మాటేటి?”

“పొద్దుటెండ నీది. సాయంకాలప్పెండ నాది.”

“మద్దేనప్పెండో?”

“ఈ గుంటకిచ్చీ” అని అత్త నన్ను చూపించింది. “నోరెండితే మనం బాగుపడతాం.”

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని చేపలు తిప్పే పని ఆ రోజు నుంచి నాదైంది.

ఆడవాళ్లమంతా ఒడ్డు పొడుగునా దుబ్బులు నాటాం. ఉప్పు మళ్లీ ఒడ్డుకి తగలకుండా, చేపలు ఊరిన నీళ్లకి ఇళ్ల ముందు గుంట తవ్వుకున్నాం. దసరా పూజల నాటికి రెల్లు తెల్లగా పూసింది. ముదిరాక పైపైన కోసి చీపుళ్లు కట్టి, ఎండుచేపల గంపలోనే పెట్టి అమ్మాం. చీపురు వాసనొస్తోందన్న వాళ్లకి, పిల్లి వచ్చి ఇల్లు నాకి శుభ్రం చేస్తుందని నేను చెప్పేదాన్ని.

మరుసటి వానలకి కళ్లం చెక్కు చెదరలేదు. మా మామ ఒక ఆదివారం పొద్దున్నే కొత్త కుర్చీ తెచ్చి ఒడ్డున వేయించి, ఇంత పని చేసినందుకు కమిటీని మెచ్చుకుంటూ మాట్లాడాడు. ఆయన టీకి లేవగానే చిన్నత్త ఆ కుర్చీ నిండా చేపలు ఆరేసింది.

గంప అత్తే అందించింది. పొద్దుటెండ చిన్నత్తది కదా.